కర్మాగారం సైడింగ్ నుంచి ఓడ ర్యాంపు దాకా: కొత్త వ్యవసాయ యంత్రాల రైలు రవాణా సేవపై సమీక్ష

గత రెండు ఎగుమతి సీజన్లలో మేము ఐదు విడతలుగా 62 ట్రాక్టర్లను, 9 కంబైన్ హార్వెస్టర్లను ఒకే రైలు రవాణా సేవ ద్వారా కర్మాగారం సైడింగ్ (ఫ్యాక్టరీ పక్కకు వచ్చే విడి రైలు మార్గం) నుంచి ఓడరేవుకు పంపాము. అక్కడి నుంచి అవి రో-రో ఓడల్లో, అంటే యంత్రాలను క్రేనుతో ఎత్తకుండా ర్యాంపు మీదుగా నడిపించి లోపలికి ఎక్కించే ఓడల్లో, విదేశాలకు వెళ్లాయి. ఈ ఐదు విడతల పంపకాలూ నా చేతి మీదుగానే జరిగాయి. ఈ సేవలో నాకు నచ్చినదీ నచ్చనిదీ, ఇలాంటి సేవను ఎంచుకోబోయే వారు ముందే అడగవలసిన ప్రశ్నలూ ఇక్కడ రాస్తున్నాను. కొన్ని ఫిర్యాదుల మీద సంప్రదింపులు ఇంకా నడుస్తున్నందున సంస్థ పేరు రాయడం లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. పట్టాల మీద ప్రయాణంలో నేను తప్పు పట్టగలిగినది దాదాపు ఏమీ లేదు. లోపాలు చాలావరకు యంత్రాలు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారిన చోట్లే బయటపడ్డాయి.

సేవ నాణ్యత నాకు మొదట కనిపించింది కొలతల దగ్గర. రైలు మీద సరుకు ఎంత వెడల్పు, ఎంత ఎత్తు ఉండవచ్చో నిర్ణయించే హద్దును లోడింగ్ గేజ్ అంటారు. సొరంగాలు, వంతెనలు, ప్లాట్‌ఫారాలు, విద్యుత్ తీగలు తగలకుండా ఉండడానికి గీసిన ఊహా చట్రం అది. ఐరోపాలో విస్తృతంగా చెల్లే జీ1 గేజ్‌లో గరిష్ఠ వెడల్పు 3.15 మీటర్లు, పట్టాల పైనుంచి గరిష్ఠ ఎత్తు 4.28 మీటర్లు. ఉత్తర అమెరికాలో వాడే ప్లేట్ సీ హద్దులో ఎత్తు 4.72 మీటర్ల దాకా ఉంటుంది. మామూలు ఫ్లాట్ వ్యాగన్ నేల పట్టాల మీద నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉంటుందనుకుంటే, మొదటి గేజ్‌లో యంత్రానికి మిగిలేది మూడు మీటర్ల కంటే కొంచెం ఎక్కువ మాత్రమే. పైగా ఆ చట్రం పైభాగంలో రెండు వైపులా లోపలికి వాలి ఉంటుంది కాబట్టి, క్యాబిన్ ఉన్న పెద్ద ట్రాక్టరు మధ్యలో సరిపోయినా పై మూలల దగ్గర హద్దు దాటిపోవచ్చు. మా పెద్ద నమూనాల విషయంలో ఈ సేవ వారు మా క్యాటలాగులోని ఎత్తును నమ్మలేదు. వారి మనిషి స్వయంగా వచ్చి, టైర్లలో గాలి నింపిన స్థితిలో ప్రతి నమూనాను టేపుతో కొలిచి, పొగగొట్టం, ఎర్రదీపం, ఉపగ్రహ రిసీవరు, పక్క అద్దాలు విప్పి క్యాబిన్‌లో భద్రపరచాలని, జంట చక్రాలున్న చోట బయటి చక్రాలు తీసి విడిగా పంపాలని రాసిచ్చారు. హార్వెస్టర్లకైతే ముందు అమర్చే కట్టర్ భాగాన్ని విడిగా మరో వ్యాగన్ మీద పెట్టాలని, ధాన్యం పోసే గొట్టాన్ని మడిచి గొలుసుతో బిగించాలని, తొట్టి పై పలకలను దించాలని చెప్పారు. ఇంత శ్రద్ధ నేను ఇతర చోట్ల చూడలేదు.

ఎక్కించే పద్ధతి సైడింగ్ చివరన ఉన్న ర్యాంపు మీదుగా సాగుతుంది. వ్యాగన్ల మధ్య ఖాళీలలో ఇనుప పలకలు వేసి, మొదటి ట్రాక్టరును రైలు పొడవునా నడిపించి చివరి వ్యాగన్‌కు చేర్చి, ఆ తర్వాతి దానిని దాని వెనక నిలుపుతూ వస్తారు. దించేటప్పుడు రైలు ఏ వైపు నుంచి ర్యాంపుకు ఆనుతుందో ముందే తెలియకపోతే, అన్ని యంత్రాలనూ రివర్సులో నడిపించవలసి వస్తుంది. ఇరుకైన వ్యాగన్ మీద, పక్క అద్దాలు విప్పేసిన ట్రాక్టరును అంత దూరం వెనక్కి నడపడం ప్రమాదకరమైన పని. ఈ సేవ వారు రేవు దగ్గర రైలు ఏ దిశలో నిలుస్తుందో కనుక్కొని దానికి తగ్గట్టుగా యంత్రాల ముఖాలు తిప్పించారు. విద్యుత్ తీగ ఉన్న లైన్ల కింద యంత్రం మీదికి మనిషి ఎక్కకూడదన్న నియమాన్ని కూడా ఖచ్చితంగా పాటించారు. 25 కిలోవోల్టుల తీగకు చేయి తగలనక్కర లేదు, దగ్గరికి వెళ్లినా ప్రాణాపాయమే. తీగ లేని సైడింగ్‌లోనే బిగింపు పని పూర్తి చేయించారు.

ఈ రంగంలో అసలు నైపుణ్యం కట్టు బిగించడంలో ఉంది. అంతర్జాతీయ నౌకా సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం కలిసి 2014లో రూపొందించిన సీటీయూ కోడ్ (కంటెయినర్లు, వ్యాగన్లు, వాహనాల్లో సరుకు సర్ది బిగించే పద్ధతుల నియమావళి) రైలు ప్రయాణానికి కొన్ని లెక్కలు చెబుతుంది. సరుకు తన బరువులో సగానికి సమానమైన బలంతో ముందుకో వెనక్కో పక్కకో జరగడానికి ప్రయత్నిస్తుందని భావించి కట్టాలి. షంటింగ్‌లో (వ్యాగన్లను విడదీసి కలిపేటప్పుడు) వచ్చే క్షణకాలపు కుదుపులకు ముందు వెనకల దిశలో ఆ బలం పూర్తి బరువంత ఉండవచ్చు. పది టన్నుల ట్రాక్టరుకు పది టన్నుల బలం అన్నమాట. సముద్రంలో లెక్క మారుతుంది. ఎత్తైన అలలు ఉండే మార్గాల్లో పక్కకు నెట్టే బలం బరువులో 0.8 వంతు దాకా పెరుగుతుంది. అందుకే రైలు కోసం వేసిన కట్టు ఓడకు సరిపోతుందని అనుకోకూడదు. ఓడలో మళ్లీ మొదటి నుంచి కట్టాలి.

మా ట్రాక్టర్లను బిగించిన తీరు నేను దగ్గరుండి చూశాను. ఒక్కో యంత్రానికి నాలుగు గొలుసులను ముందు వెనకల ఇరుసుల దిమ్మెలకు తగిలించి, బయటికి వాలుగా లాగి, వ్యాగన్ కొక్కేలకు వెనక్కి జారని బిగింపు పరికరాలైన రాట్చెట్లతో బిగించారు. స్టీరింగు కడ్డీలకు గానీ, వెనక పనిముట్లు తగిలించే మూడు పాయింట్ల హిచ్‌కు గానీ, రక్షణ కవచాలకు గానీ గొలుసు తగిలించనివ్వలేదు. చక్రాల ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టి నేలకు మేకులు దించారు. నడుము దగ్గర మలుపు తిరిగే ఆర్టిక్యులేటెడ్ ట్రాక్టర్లకు తాళపు పిన్ను వేశారో లేదో రెండుసార్లు చూశారు. ఇంజనీర్లు కూడా కొన్నిసార్లు మరిచిపోయే విషయం ఒకటుంది. పెద్ద టైర్లు ప్రయాణంలో స్ప్రింగులాగా ఊగుతాయి. టైరు అణిగినప్పుడు గొలుసు వదులవుతుంది, లేచినప్పుడు ఒక్కసారిగా లాగుతుంది. వదులు, లాగుడు, మళ్లీ వదులు. ఇలా వేలసార్లు జరిగితే రాట్చెట్ విడిపోవడం గానీ, కొక్కెం జారడం గానీ తథ్యం. అందుకని టైర్లలో గాలిని తయారీదారు రవాణాకు నిర్ణయించిన పీడనానికి పెంచారు. మొదటి కొన్ని గంటల ప్రయాణం తర్వాత వచ్చే యార్డులో గొలుసులను మళ్లీ పరీక్షించి బిగించే ఏర్పాటు కూడా వారి ఒప్పందంలోనే ఉంది. ఆ పెంచిన గాలిని పొలంలో దించే ముందు తగ్గించాలని కొనుగోలుదారుకు తెలియజేసే చీటీ మాత్రం మేమే క్యాబిన్‌లో పెట్టాము. అది వారి పని కాదు గానీ, వారు గుర్తు చేసి ఉంటే బాగుండేది.

పొగగొట్టం మూతి మూయడం చిన్న పనిలా కనిపిస్తుంది. ఇంజను ఆగి ఉన్నా, ప్రయాణపు గాలి పొగగొట్టంలోకి దూరి టర్బోచార్జరు (ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే భాగం) చక్రాన్ని తిప్పుతుంది. ఇంజను నడవడం లేదు కాబట్టి ఆ బేరింగులకు నూనె అందదు. రోజుల తరబడి అలా తిరిగితే ఒక్క గంట కూడా పొలంలో పనిచేయని యంత్రం టర్బో చెడిపోయిన స్థితిలో దిగుతుంది. మా మొదటి విడతలో రెండు ట్రాక్టర్ల మూతలు గాలికి ఊడిపోయి వచ్చాయి. అవి కేవలం టేపుతో అంటించినవి. రెండో విడత నుంచి పట్టీతో బిగించే రబ్బరు మూతలు వాడారు, ఆ సమస్య మళ్లీ రాలేదు.

పట్టాల మీద ప్రయాణం గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. రైలంతా ఒకే సరుకుతో ఒకే గమ్యానికి వెళ్లిన మూడు విడతల్లోనూ కుదుపులను నమోదు చేసే పరికరాలు చెప్పుకోదగ్గ దెబ్బ ఏదీ చూపలేదు. మిగిలిన రెండింటిలో మా వ్యాగన్లు ఇతర సరుకుల వ్యాగన్లతో కలిసి వెళ్లాయి. అలా వెళ్లినప్పుడు మధ్య యార్డుల్లో విడదీసి మళ్లీ కలపడం తప్పదు. హంప్ యార్డులో, అంటే చిన్న గుట్ట మీది నుంచి వ్యాగన్లను దొర్లించి లైన్లు మార్చే చోట, మా వ్యాగన్లను దొర్లించకూడదన్న సూచన పత్రాల మీద, వ్యాగన్ మీద స్పష్టంగా ఉన్నా, నాలుగో విడతలో ఒక వ్యాగన్‌కు గట్టి దెబ్బ తగిలినట్టు పరికరం నమోదు చేసింది. సరిగ్గా ఆ వ్యాగన్ మీది ట్రాక్టరుకే వెనక అద్దం పగిలి రేవుకు చేరింది.

నా అసంతృప్తి అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆ రైలు రేవు యార్డుకు రాత్రివేళ చేరింది. యంత్రాలను దించిన రేవు సిబ్బంది మర్నాడు ఉదయం స్థితి నివేదిక రాసి, అద్దం అప్పటికే పగిలి ఉందని పేర్కొన్నారు. రైలు సేవ వారేమో తాము అప్పగించేటప్పుడు యంత్రం బాగానే ఉందని, దించేటప్పుడో నడిపేటప్పుడో పగిలి ఉండవచ్చని వాదించారు. ఇద్దరూ కలిసి, యంత్రాలు ఇంకా వ్యాగన్ల మీద ఉండగానే పరీక్షించి, ఫొటోలు తీసి, ఒకే కాగితం మీద సంతకం చేయవలసిన ఉమ్మడి తనిఖీ ఆ రాత్రి జరగలేదు. కుదుపు పరికరంలోని సమయం మధ్య యార్డులో ఉన్నప్పటి సమయంతో సరిపోయినందువల్లనే చివరకు రైలు సేవ వారు బాధ్యత ఒప్పుకున్నారు. ఆ పరికరం పెట్టాలని పట్టుబట్టింది మేము. అది లేకపోయి ఉంటే నష్టం మా మీదే పడేది. ఇంత శ్రద్ధగా కొలిచి, ఇంత నేర్పుగా కట్టిన సంస్థ, యంత్రాన్ని అప్పగించే క్షణాన్ని మాత్రం ఇలా గాలికి వదిలేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

తాళాల సంగతి కూడా అలాంటిదే. రెండో విడతలో మూడు ట్రాక్టర్ల తాళంచెవులు పెట్టె సహా కనిపించలేదు. రో-రో ఓడకు యంత్రాలు తమంతట తాము నడిచి ఎక్కాలి. తాళం లేని ట్రాక్టరును లాగి ఎక్కించాలంటే గేరుబాక్సు రకాన్ని బట్టి అది సాధ్యం కాకపోవచ్చు. నిరంతరంగా వేగం మారే గేరుబాక్సు, నూనె పీడనంతో చక్రాలను తిప్పే హైడ్రోస్టాటిక్ డ్రైవ్ ఉన్న యంత్రాలను న్యూట్రల్‌లో పెట్టి ఇష్టం వచ్చినట్టు లాగితే లోపల దెబ్బతింటాయి. నకలు తాళాలు మనిషి చేత పంపి ఆ ఓడను అందుకున్నాము గానీ, ఒక రోజు ఆలస్యమై ఉంటే తర్వాతి ఓడ కోసం వేచి చూడవలసి వచ్చేది. ఇప్పుడు ప్రతి క్యాబిన్‌లో, రేవులోని డ్రైవర్లకు అర్థమయ్యేలా బొమ్మలతో కూడిన ఒక పేజీ సూచనలు అతికిస్తున్నాము: పార్కింగ్ బ్రేకు ఎక్కడుంది, బ్యాటరీ స్విచ్ ఎక్కడుంది, ఏ గేరులో నిలపాలి అని. రోజుకు పది రకాల యంత్రాలు నడిపే ఆ డ్రైవర్లు మా నమూనాను ముందెన్నడూ చూసి ఉండకపోవచ్చు.

శుభ్రత విషయంలో ఈ సేవకు మధ్యస్థమైన మార్కులే ఇస్తాను. బ్రేకు దిమ్మెల నుంచి, చక్రం పట్టా రాపిడి నుంచి రేగే సన్నని ఇనుప పొడి కొత్త రంగు మీద పడి అతుక్కుంటుంది. మంచు పడగానే అది తుప్పు పట్టి నారింజ రంగు చుక్కలుగా కనిపిస్తుంది. కొనుగోలుదారు దానిని చూసి యంత్రానికే తుప్పు పట్టిందని అనుకుంటారు. బానెట్ మీద అంటుకునే రక్షణ పొర వేసిన యంత్రాలు బాగా చేరాయి. వదులుగా టార్పాలిన్ కప్పినవి మాత్రం గాలికి అది కొట్టుకుని రంగు మీద గీతలతో చేరాయి. కప్పే పద్ధతి మా ఎంపికే కాబట్టి ఆ తప్పు వారిది కాదు. కానీ అంతకు ముందు ధాన్యం మోసిన వ్యాగన్లను సరిగా ఊడ్చకుండా మాకు పంపడం వారి తప్పే. మొలకెత్తగల గింజ ఒక్కటి టైరు గాడిలో ఇరుక్కున్నా, జీవభద్రతా తనిఖీలు కఠినంగా ఉన్న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల్లో యంత్రం కొత్తదైనా సరే నిలిపేసి కడిగించవచ్చు. ఆ రెండు దేశాలూ సెప్టెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఓడ ఎక్కే సరుకు విషయంలో బ్రౌన్ మార్మరేటెడ్ స్టింక్ బగ్ అనే నల్లి జాతి పురుగు గురించి ప్రత్యేక జాగ్రత్త తీసుకుంటాయి. ఆ పురుగు ముప్పు ఉన్నట్టు గుర్తించిన దేశాల నుంచి వచ్చే యంత్రాలకు సాధారణంగా వేడితో గానీ, వాయువుతో గానీ శుద్ధి తప్పనిసరి. చలికాలపు ఆశ్రయం కోసం ఆ పురుగు యంత్రాల సందుల్లో దాక్కుంటుంది కాబట్టి, శుద్ధి చేసిన యంత్రాన్ని మళ్లీ బహిరంగ యార్డులో రోజుల తరబడి నిలిపితే చేసిన పని వృథా కావచ్చు. శుద్ధి రేవు దగ్గర చేయించాలా, కర్మాగారంలో చేయించాలా అన్న ప్రశ్నకు ఈ సేవ వారి దగ్గర స్పష్టమైన సమాధానం లేదు. మేము రేవు దగ్గరే చేయించాము. యంత్రాలతో పాటు ఓడ ఎక్కే చెక్కకు, పురుగులు లేకుండా శుద్ధి చేసినట్టు చెప్పే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలన్న సంగతి మాత్రం వారికి బాగా తెలుసు. చెక్క నడిబొడ్డున 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు నిలిచేలా వేడి చేసిన చెక్కకు, లేదా ఆమోదించిన మరో పద్ధతిలో శుద్ధి చేసిన చెక్కకు ఆ ముద్ర వేస్తారు. ముద్ర లేని దిమ్మె ఒక్కటి కూడా ఓడ ఎక్కలేదు.

ఒప్పందం కాగితాల విషయంలో రెండు మాటలు. ఎఫ్‌సీఏ అనే అంతర్జాతీయ అమ్మకపు షరతు మీద విక్రేత ఆవరణలోనే అప్పగింత అని రాసుకుంటే, యంత్రం వ్యాగన్ మీదికి ఎక్కగానే నష్టభయం కొనుగోలుదారుకు మారుతుంది. ఎఫ్‌ఓబీ అయితే ఓడ ఎక్కే దాకా విక్రేతదే. మాది రెండో రకం కాబట్టి అద్దం నష్టం మా మీద పడబోయింది. బీమా విషయంలో సరుకు బీమా ప్రామాణిక షరతులైన ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజుల్లో అన్నిటికంటే విస్తృతమైన ‘ఎ’ రకం కూడా, సాధారణ ప్రయాణాన్ని తట్టుకునేలా సరుకును సిద్ధం చేయకపోవడం వల్ల వచ్చిన నష్టాన్ని మినహాయిస్తుంది. కాబట్టి కట్టు ఎవరు వేశారు, ఎలా వేశారు అన్న దానికి ఫొటోల ఆధారం ఉండాలి. పరిహారపు హద్దులు కూడా రవాణాను బట్టి మారుతాయి. అంతర్జాతీయ రైలు రవాణాకు వర్తించే సీఐఎం నియమాల్లో కిలోకు 17 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం). సముద్ర రవాణాకు వర్తించే హేగ్-విస్బీ నియమాల్లో ఒక్కో వస్తువుకు 666.67 ఎస్‌డీఆర్‌లు, లేదా కిలోకు 2 ఎస్‌డీఆర్‌లు, ఏది ఎక్కువైతే అది. అదే దెబ్బ పట్టాల మీద తగిలిందా, సముద్రం మీద తగిలిందా అన్న తేడాతో చేతికి వచ్చే మొత్తం ఎన్నో రెట్లు మారిపోతుంది. ఉమ్మడి తనిఖీ గురించి నేను ఇంత పట్టుదలగా మాట్లాడడానికి కారణం ఇదే.

సమాచారం అందించడంలో ఈ సేవ సగటు స్థాయిలోనే ఉంది. వ్యాగన్ ఏ స్టేషన్ దాటిందో తెరమీద కనిపిస్తుంది గానీ, రేవు యార్డులోకి ఏ గంటకు ప్రవేశిస్తుందో ముందు రోజు సాయంత్రం దాకా చెప్పలేరు. 2024 మార్చి 26న డాలీ అనే ఓడ ఢీకొని బాల్టిమోర్‌లో ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన కూలినప్పుడు, అమెరికాలో వ్యవసాయ, నిర్మాణ యంత్రాల రో-రో రవాణాకు ప్రధానమైన ఆ రేవు మార్గం మూసుకుపోయింది. పూర్తి లోతు, వెడల్పులతో మార్గం తిరిగి తెరుచుకున్నది జూన్ 10న. అలాంటిది జరిగితే దారిలో ఉన్న మా వ్యాగన్లను మరో రేవుకు మళ్లిస్తారా అని నేను రాతపూర్వకంగా అడిగాను. ర్యాంపు ఉన్న మరో రేవు పేరు, గేజ్ హద్దు సరిపోయే మార్గం, మళ్లింపుకు పట్టే వ్యవధి రాసి వారం రోజుల్లో జవాబిచ్చారు. ఆ జవాబు నాకు చాలా నమ్మకం కలిగించింది.

రోడ్డు మార్గంతో పోల్చితే, పది యంత్రాలకు తక్కువైన పంపకాలకు, సొంత సైడింగ్ లేని కర్మాగారాలకు నేను రైలును సూచించను. ట్రైలర్ మీది నుంచి దించి మళ్లీ వ్యాగన్ ఎక్కించే ప్రతి అదనపు దశా కొత్త నష్టానికి అవకాశం ఇస్తుంది. చిన్న ట్రాక్టర్లను చక్రాలు విప్పి కంటెయినర్లలో పంపడం కొన్నిసార్లు సులువు. అయితే పెద్ద సంఖ్యలో, పూర్తిగా బిగించిన పెద్ద యంత్రాలను దూరపు రేవుకు ఒకేసారి చేర్చాలంటే, పదుల కొద్దీ ట్రైలర్లకు వెడల్పు సరుకు అనుమతులు తెచ్చుకోవడం కంటే ఒక రైలు కుదుర్చుకోవడం ఎంతో మేలు.

ఆరో విడతకు కూడా ఈ సేవనే మాట్లాడుకున్నాము. ఈసారి ఒప్పందంలో మూడు వాక్యాలు కొత్తగా చేర్పించాను. రైలు ఏ వేళ చేరినా ఉమ్మడి తనిఖీ పూర్తయ్యే దాకా ఒక్క గొలుసు కూడా విప్పకూడదు. తాళాలు సీలు వేసిన సంచిలో సంతకం మీద చేతులు మారాలి. వ్యాగన్లు ఊడ్చి కడిగిన ఫొటోలు మా సైడింగ్‌కు వచ్చే ముందే మాకు అందాలి. మొదటి రెండింటికి వారు వెంటనే ఒప్పుకున్నారు. మూడోదాని మీద మాట్లాడుతున్నారు. అది తేలే దాకా యంత్రాలను సైడింగ్‌కు కదిలించడం లేదు.